ఏటార్

ఏటార్ అనేది ఆస్ట్రేలియాలో పన్నెండవ తరగతి పూర్తిచేసిన విద్యార్థులకు విశ్వవిద్యాలయ ప్రవేశాల కొరకు ఇచ్చే ర్యాంకు. ఆస్ట్రేలియన్ టెర్షియరీ అడ్మిషన్ ర్యాంక్ అనే ఆంగ్ల పదాల తొలి అక్షరాలను కలిపి ఈ పేరు ఏర్పరచారు. ఈ ర్యాంకు 0.00 నుండి 99.95 వరకు ఉంటుంది. ఒక మెట్టుకు, తరువాతి మెట్టుకు మధ్య అంతరం 0.05. అన్నిటికంటె ఉన్నతమైన ర్యాంకు 99.95. ఈ పద్ధతిలో 100 అనే ర్యాంకు లేదు.

ఏటార్ మార్కు కాదు, మార్కుల శాతమూ కాదు. ఒక విద్యార్థి తన ఈడు వారందరి వరుసలో ఎక్కడ నిలిచినదీ తెలిపే స్థానం మాత్రమే. అదే విధంగా ఒక కోర్సుకు ప్రకటించే కటాఫ్ ఆ కోర్సు ఎంత కష్టమైనదో తెలిపే కొలత కాదు. ఉన్న సీట్లెన్ని, కోరినవారెందరు అన్నదాని ఫలితం. ఈ రెండు విషయాలను సరిగా గ్రహించకపోవడం వలన విద్యార్థులు పదకొండవ తరగతిలో సబ్జెక్టులను ఎంచుకొనేటప్పుడు, ఆ తరువాత కోర్సులను ఎంచుకొనేటప్పుడు తరచు పొరబడుతుంటారు.

చరిత్ర

ఆస్ట్రేలియాలో పాఠశాల విద్య రాష్ట్రాల, టెరిటరీల అధీనంలో ఉన్నది. పన్నెండవ తరగతి చివర ఇచ్చే ధ్రువపత్రం కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో దీనిని హెచ్.ఎస్.సి. అని, విక్టోరియాలో వి.సి.ఇ. అని, క్వీన్స్‌లాండ్‌లో క్యు.సి.ఇ. అని పిలుస్తారు. విశ్వవిద్యాలయాలకు మాత్రం వేర్వేరు సబ్జెక్టులు చదివిన వేలాది విద్యార్థులను ఒకే వరుసలో నిలబెట్టే సంఖ్య ఒకటి కావలసి వచ్చింది. అందుచేత ప్రతి రాష్ట్రమూ తన సొంత పద్ధతిని రూపొందించుకొన్నది. న్యూ సౌత్ వేల్స్, ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతాలలో యు.ఎ.ఐ., విక్టోరియాలో ఎంటర్, దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా తదితర ప్రాంతాలలో టి.ఇ.ఆర్. అనే పేర్లతో ఈ ర్యాంకులు ఉండేవి. క్వీన్స్‌లాండ్‌లో ఇవేవీ కాక 1 నుండి 25 వరకు ఉండే ఓ.పి. అనే పద్ధతి ఉండేది. అందులో 1 అన్నిటికంటె మేలైన స్థానం.

పేర్లు వేరువేరుగా ఉండడం వలన ఒక రాష్ట్రంలో చదివి మరొక రాష్ట్రంలో ప్రవేశం కోరేవారికి గందరగోళం కలిగేది. దీనిని తొలగించడానికి దేశమంతటికీ ఏటార్ అనే ఒకే పేరును నిర్ణయించారు. 2009లో న్యూ సౌత్ వేల్స్‌లోను, రాజధాని ప్రాంతంలోను ఇది మొదలైనది. 2010లో క్వీన్స్‌లాండ్ మినహా మిగిలిన రాష్ట్రాలు దీనిని అనుసరించాయి. క్వీన్స్‌లాండ్ 2019తో ఓ.పి. పద్ధతికి స్వస్తి చెప్పి 2020 నుండి ఏటార్‌కు మారింది. నేడు ఒక రాష్ట్రంలో వచ్చిన 80.00 ఏటార్‌ను మరొక రాష్ట్రంలో వచ్చిన 80.00తో సమానంగా పరిగణిస్తారు. అయితే ఆ సంఖ్యను లెక్కించే విధానం మాత్రం ఇప్పటికీ రాష్ట్రానికొక రకంగానే ఉన్నది.

ర్యాంకు అర్థం

ఒక విద్యార్థికి 80.00 ఏటార్ వచ్చినదంటే ఆ విద్యార్థి 100కు 80 మార్కులు తెచ్చుకొన్నట్లు కాదు. తన ఈడు వారిలో 80 శాతం మంది కంటె ముందు, అనగా పై 20 శాతంలో, ఉన్నట్లు అర్థం. అదే విద్యార్థికి పరీక్షలలో వచ్చిన సగటు మార్కులు 80 కంటె ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు.

ఇక్కడ "తన ఈడు వారు" అన్న మాట ముఖ్యమైనది. పోల్చేది పన్నెండవ తరగతి పరీక్షలు వ్రాసినవారితో మాత్రమే కాదు. ఆ వయసువారిలో మధ్యలో చదువు మానినవారిని, వృత్తి విద్యలోకి వెళ్ళినవారిని, ఏటార్‌కు అర్హత లేని సబ్జెక్టులు చదివినవారిని కూడా లెక్కలోకి తీసుకొంటారు. చదువు మధ్యలో ఆపినవారు కొనసాగి ఉంటే, వారిలో ఎక్కువమంది వరుసలో క్రింది భాగంలో ఉండేవారని ఈ లెక్క భావిస్తుంది. అందుచేత ఏటార్ పొందినవారిలో సరిగ్గా నడుమ ఉన్న విద్యార్థి ర్యాంకు 50 కాదు. న్యూ సౌత్ వేల్స్‌లో అది సుమారు 70 ఉంటుంది. 70 వచ్చిన విద్యార్థి తనకు "నూటికి డెబ్బై" వచ్చినదని అనుకొంటాడు. నిజానికి ఏటార్ పొందినవారి మధ్య ఆ విద్యార్థి నడిమి స్థానంలో ఉన్నాడు. మొత్తం ఈడు వారిలో మాత్రం పై 30 శాతంలో ఉన్నాడు.

న్యూ సౌత్ వేల్స్‌లో 30 కంటె తక్కువ ర్యాంకులను విడివిడిగా ప్రకటించరు. అటువంటి వారికి "30.00 లేదా అంతకంటె తక్కువ" అని మాత్రమే తెలియజేస్తారు.

లెక్కించే విధానం

అన్ని రాష్ట్రాలలోను ఈ లెక్క మూడు దశలలో సాగుతుంది. మొదట ఒక్కొక్క సబ్జెక్టులో విద్యార్థి ఫలితాన్ని నిర్ణయిస్తారు. తరువాత వేర్వేరు సబ్జెక్టుల ఫలితాలను పోల్చదగిన విధంగా సర్దుతారు. దీనినే స్కేలింగ్ అంటారు. చివరగా సర్దిన మార్కులను నిర్ణీత పద్ధతిలో కూడి, ఆ మొత్తాన్ని బట్టి విద్యార్థులను వరుసలో పేర్చి ర్యాంకు ఇస్తారు.

న్యూ సౌత్ వేల్స్

ఇక్కడ సబ్జెక్టులను యూనిట్లుగా లెక్కిస్తారు. ఎక్కువ సబ్జెక్టులు 2 యూనిట్లవి. ఒక్కొక్క యూనిట్‌కు స్కేలింగ్ తరువాత గరిష్ఠంగా 50 మార్కులు. మొత్తం 10 యూనిట్లను తీసుకొంటారు గనుక గరిష్ఠ మొత్తం 500. ఇందులో 2 యూనిట్లు తప్పనిసరిగా ఆంగ్లం నుండి ఉండాలి. మిగిలిన 8 యూనిట్లుగా విద్యార్థికి ఎక్కువ మార్కులు వచ్చినవాటిని తీసుకొంటారు. ర్యాంకులను యూనివర్సిటీస్ అడ్మిషన్స్ సెంటర్ విడుదల చేస్తుంది.

హెచ్.ఎస్.సి. సబ్జెక్టు ఫలితంలో సగం ఏడాది పొడవునా పాఠశాలలో జరిగే మదింపు నుండి, సగం రాష్ట్రస్థాయి పరీక్ష నుండి వస్తుంది. ఒక పాఠశాల ఉదారంగా మార్కులు వేసి, మరొకటి పొదుపుగా వేస్తే అన్యాయం జరుగుతుంది కనుక, పాఠశాల మార్కులను అదే పాఠశాల విద్యార్థులు రాష్ట్రస్థాయి పరీక్షలో చూపిన ప్రతిభను బట్టి సవరిస్తారు. పాఠశాలలోని విద్యార్థుల వరుస మారదు, మార్కుల స్థాయి మాత్రమే మారుతుంది.

విక్టోరియా

వి.సి.ఇ.లో ప్రతి సబ్జెక్టుకు 0 నుండి 50 వరకు స్టడీ స్కోర్ ఇస్తారు. దీని సగటు 30, ప్రామాణిక విచలనం 7 ఉండేటట్లు అమర్చుతారు. అనగా 30 వచ్చినవారు ఆ సబ్జెక్టులో నడిమి స్థాయిలో ఉన్నట్లు. 37 దాటినవారు బాగా పై వరుసలో ఉన్నట్లు. ఈ స్కోర్లను వి.టి.ఎ.సి. అనే కేంద్రం స్కేల్ చేస్తుంది. ఆంగ్ల సబ్జెక్టు స్కోరును, మిగిలినవాటిలో మేలైన మూడింటి స్కోర్లను పూర్తిగా కూడి, ఐదవ, ఆరవ సబ్జెక్టుల స్కోర్లలో 10 శాతం చొప్పున చేరుస్తారు.

ఉదాహరణకు ఒక విద్యార్థికి స్కేలింగ్ తరువాత ఆంగ్లంలో 36, మిగిలిన సబ్జెక్టులలో 40, 38, 34, 32, 30 వచ్చాయనుకొందాము. మొదటి నాలుగింటి మొత్తం 148. ఐదవ, ఆరవ సబ్జెక్టుల నుండి 3.2, 3.0 కలిసి 6.2. మొత్తం 154.2. ఈ మొత్తం రాష్ట్రంలోని మిగిలినవారి మొత్తాలతో పోలిస్తే ఏ స్థానంలో నిలుస్తుందో దానిని బట్టి ఏటార్ నిర్ణయమవుతుంది.

క్వీన్స్‌లాండ్, పశ్చిమ ఆస్ట్రేలియా

క్వీన్స్‌లాండ్‌లో సాధారణంగా స్కేల్ చేసిన మేలైన ఐదు సబ్జెక్టులను తీసుకొంటారు. ఆంగ్ల సబ్జెక్టు ఒకటి తప్పక ఉత్తీర్ణులు కావాలి. కాని ఆ ఫలితం మేలైన ఐదింటిలో ఉంటేనే లెక్కలోకి వస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మేలైన నాలుగు సబ్జెక్టుల మొత్తానికి తోడు, కొన్ని పై స్థాయి గణిత సబ్జెక్టులకు, ఇతర భాషలకు 10 శాతం అదనపు మార్కులు చేరుస్తారు. ఆంగ్లంలో తగిన సామర్థ్యం చూపడం అక్కడ కూడా అవసరమే.

స్కేలింగ్

ఏటార్ విషయంలో ఎక్కువ చర్చకు, ఎక్కువ అపోహలకు గురయ్యే అంశం స్కేలింగ్. దీని ఉద్దేశం కష్టమైన సబ్జెక్టు చదివినవారికి బహుమతి ఇవ్వడం, తేలికైన సబ్జెక్టు చదివినవారిని శిక్షించడం కాదు. ఒక సబ్జెక్టులో పోటీ ఎంత గట్టిదో కొలిచి, ఆ పోటీలో సాధించిన స్థానాన్ని మరొక సబ్జెక్టులో సాధించిన స్థానంతో పోల్చడం మాత్రమే.

పోటీ బలాన్ని కొలిచే పద్ధతి ఈ విధంగా ఉంటుంది. ఒక సబ్జెక్టు చదివిన విద్యార్థులందరూ తమ మిగిలిన సబ్జెక్టులలో ఎట్లా రాణించారో చూస్తారు. వారు మిగిలినవాటిలో బాగా రాణించినట్లయితే, ఈ సబ్జెక్టులో పోటీ గట్టిదని నిర్ణయించి సగటును పైకి సర్దుతారు. మిగిలినవాటిలో వెనుకబడి ఉంటే క్రిందికి సర్దుతారు. విక్టోరియాలోని స్పెషలిస్ట్ మ్యాథమెటిక్స్ సాధారణంగా పైకి సర్దుబాటు అయ్యే సబ్జెక్టు. దానిని ఎంచుకొనేవారిలో అధికులు ఇతర సబ్జెక్టులలో కూడా బలమైన విద్యార్థులు కావడమే అందుకు కారణం. విక్టోరియాలో ఇతర భాషల అధ్యయనాన్ని ప్రోత్సహించడానికి భాషా సబ్జెక్టులకు ప్రత్యేకమైన అదనపు సర్దుబాటు కూడా ఉన్నది. ఇది పోటీని బట్టి కాక విధాన నిర్ణయంగా ఇచ్చేది.

స్కేలింగ్ ప్రతి సంవత్సరమూ కొత్తగా జరుగుతుంది. క్రిందటి సంవత్సరం పైకి వెళ్ళిన సబ్జెక్టు ఈ సంవత్సరం కూడా అంతే పైకి వెళ్తుందన్న హామీ లేదు. పెద్ద మార్పులు అరుదు. అయినా స్కేలింగ్‌నే నమ్ముకొని సబ్జెక్టు ఎంచుకోవడంలో అసలు ప్రమాదం వేరొకటి ఉన్నది. పైకి సర్దేది సబ్జెక్టు సగటును; విద్యార్థి స్థానాన్ని కాదు. ఒక విద్యార్థి తనకు ఇష్టమైన చరిత్రలో మొదటి 10 శాతంలో ఉండగలిగి, ఇష్టం లేని పై స్థాయి గణితంలో చివరి 10 శాతంలో ఉంటే, గణితానికి ఎంత సర్దుబాటు దొరికినా చరిత్రలోని మార్కును అందుకోవడం సాధారణంగా జరగదు. పైగా అయిష్టంగా చదివే ఆ సబ్జెక్టు మిగిలిన సబ్జెక్టులకు దక్కవలసిన సమయాన్ని కూడా తీసుకొంటుంది. దీనికి విపర్యయంగా, గణితం అవసరమైన కోర్సు చదవదలచినవారు తక్కువ స్థాయి గణితంతో ఎక్కువ మార్కులు తెచ్చుకొని ప్రవేశం పొందితే, మొదటి సంవత్సరంలోనే ఇబ్బంది పడతారు.

పాఠశాల పేరు ర్యాంకును పెంచుతుందన్నది మరొక అపోహ. స్కేలింగ్‌లో పాఠశాల ప్రసక్తి లేదు. పాఠశాల మదింపును సవరించేటప్పుడు తోటి విద్యార్థుల పరీక్ష ఫలితాలు లెక్కలోకి వస్తాయి తప్ప, పాఠశాల ప్రతిష్ఠ రాదు.

కటాఫ్ ఏర్పడే విధం

కటాఫ్ అనగా ఒక కోర్సులో ఆ సంవత్సరం సీటు పొందినవారిలో చివరివారి ర్యాంకు. చాలా కోర్సుల విషయంలో ఇది ముందుగా నిర్ణయించేది కాదు, ఎంపిక పూర్తయిన తరువాత తేలేది.

ఒక కోర్సులో 50 సీట్లు ఉన్నాయనుకొందాము. దానిని 300 మంది కోరారు. దరఖాస్తుదారులను ర్యాంకు వరుసలో పేర్చి పై నుండి సీట్లు ఇస్తూ పోగా, 50వ సీటు 91.40 ర్యాంకు ఉన్న విద్యార్థికి దక్కినట్లయితే ఆ సంవత్సరపు కటాఫ్ 91.40. మరుసటి సంవత్సరం సీట్లు 80కి పెంచితే, పాఠ్యప్రణాళికలో ఏ మార్పూ లేకున్నా కటాఫ్ తగ్గుతుంది. ఆ రంగంలో ఉద్యోగాలు బాగున్నాయన్న వార్త వ్యాపించి దరఖాస్తులు పెరిగితే కటాఫ్ పెరుగుతుంది.

కాబట్టి ఎక్కువ కటాఫ్ ఉన్న కోర్సు ఎక్కువ కష్టమైనదని గాని, ఎక్కువ నాణ్యమైనదని గాని చెప్పడానికి వీలులేదు. గణితం, భౌతికశాస్త్రం ప్రధానాంశాలుగా చదివే వీలున్న సామాన్య బి.ఎస్‌సీ. కోర్సుల కటాఫ్, లా, వైద్యం వంటి కోర్సుల కటాఫ్ కంటె సాధారణంగా చాలా తక్కువ. వాటిలోని గణితం తేలికైనదని దాని అర్థం కాదు. సీట్లు ఎక్కువ, కోరేవారు తక్కువ.

ఇదే కారణం చేత తనకు 98 వచ్చింది కనుక 75 కటాఫ్ ఉన్న కోర్సులో చేరితే "ర్యాంకు వృథా అవుతుంది" అనే భావన సరియైనది కాదు. ర్యాంకు ప్రవేశానికి పనికివచ్చేది. ప్రవేశం లభించిన తరువాత మిగిలిపోయే నిల్వ ఏదీ అందులో ఉండదు.

సీట్ల సంఖ్యకు, కటాఫ్‌కు ఉన్న సంబంధం 2012 తరువాత స్పష్టంగా కనిపించింది. డెనిస్ బ్రాడ్లీ అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం 2008లో ఇచ్చిన నివేదికను అనుసరించి, 2012 నుండి ప్రభుత్వ సహాయం గల పట్టభద్ర సీట్లపై, వైద్య కోర్సు మినహా, పరిమితిని తొలగించారు. విశ్వవిద్యాలయాలు తమకు తోచినంతమందిని చేర్చుకొనే వీలు కలిగింది. తక్కువ ఏటార్ ఉన్నవారికి కూడా చాలా కోర్సులలో ప్రవేశం లభించింది. 2017 చివర ప్రభుత్వం ఈ నిధులను స్తంభింపజేయడంతో ఆ దశ ముగిసింది.

ఎంపిక ర్యాంకు

విశ్వవిద్యాలయాలు చాలా సందర్భాలలో కేవలం ఏటార్‌ను కాక, దానికి సర్దుబాటు పాయింట్లను కలిపి వచ్చే ఎంపిక ర్యాంకును వాడతాయి. ఈ పాయింట్లను ఒకప్పుడు బోనస్ పాయింట్లు అనేవారు. ఇవి ముఖ్యంగా మూడు కారణాలపై లభిస్తాయి.

మొదటిది, కోర్సుకు సంబంధించిన సబ్జెక్టులో మంచి ఫలితం. ఇంజనీరింగు కోరేవారికి గణితం, భౌతికశాస్త్రాలలో వచ్చిన ఫలితాన్ని బట్టి పాయింట్లు ఇవ్వడం ఇటువంటిదే. రెండవది, నివాస ప్రాంతం. గ్రామీణ, మారుమూల ప్రాంతాల విద్యార్థులకు, లేదా విశ్వవిద్యాలయ పరిసరాలలో నివసించేవారికి కొన్ని సంస్థలు పాయింట్లు ఇస్తాయి. మూడవది, చదువుకు కలిగిన ఆటంకం. దీర్ఘకాల అనారోగ్యం, కుటుంబంలో విషాదం, ఆర్థిక ఇబ్బంది, ఆంగ్లం కొత్తగా నేర్చుకోవలసి రావడం వంటివి ఇందులోకి వస్తాయి. దీనికై న్యూ సౌత్ వేల్స్‌లో ఇ.ఎ.ఎస్., విక్టోరియాలో ఎస్.ఇ.ఎ.ఎస్. అనే పథకాలు ఉన్నాయి. వీటికి విద్యార్థి విడిగా దరఖాస్తు చేసి ఆధారాలు సమర్పించాలి. అర్హత ఉండి కూడా దరఖాస్తు చేయనివారికి ఈ సర్దుబాటు లభించదు.

సర్దుబాటు పాయింట్లు ఏటార్‌ను మార్చవు. ఒకే విద్యార్థికి ఒక కోర్సులో ఒక ఎంపిక ర్యాంకు, మరొక కోర్సులో మరొక ఎంపిక ర్యాంకు ఉండవచ్చు. ఈ తేడాను గతంలో విశ్వవిద్యాలయాలు స్పష్టంగా ప్రకటించేవి కావు. కటాఫ్ 80 అని ప్రకటించిన కోర్సులో అంతకంటె తక్కువ ఏటార్ ఉన్నవారు పాయింట్ల సహాయంతో చేరడం జరిగేది. ప్రకటించిన సంఖ్యను చూసి దరఖాస్తు మానుకొన్నవారు నష్టపోయేవారు. 2016లో ఉన్నత విద్యా ప్రమాణాల మండలి ప్రవేశాలలో పారదర్శకత గురించి నివేదిక సమర్పించిన తరువాత, కనిష్ఠ ఏటార్‌ను, కనిష్ఠ ఎంపిక ర్యాంకును వేరువేరుగా, ఒకే పరిభాషతో చూపే పద్ధతి వచ్చింది.

దరఖాస్తు, ప్రాధాన్య క్రమం

ఆస్ట్రేలియాలో విద్యా సంవత్సరం వేసవి సెలవుల తరువాత మొదలై డిసెంబరుకు ముగుస్తుంది. పన్నెండవ తరగతి పరీక్షలు సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలలలో జరుగుతాయి. ఏటార్ డిసెంబరులో వెలువడుతుంది. దరఖాస్తులు అంతకు చాలా ముందే, ర్యాంకు తెలియకుండానే, రాష్ట్ర ప్రవేశ కేంద్రానికి పంపాలి. ర్యాంకు వచ్చిన తరువాత కోర్సుల క్రమాన్ని మార్చుకోవడానికి కొద్ది రోజుల గడువు ఉంటుంది.

న్యూ సౌత్ వేల్స్ కేంద్రం ద్వారా 5 కోర్సులను, విక్టోరియా కేంద్రం ద్వారా 8 కోర్సులను ప్రాధాన్య క్రమంలో వ్రాయవచ్చు. ఒక్కొక్క విడతలో విద్యార్థికి, అర్హత ఉన్నవాటిలో అన్నిటికంటె పైన వ్రాసుకొన్న కోర్సు లభిస్తుంది. దాని క్రింద వ్రాసిన కోర్సులను ఆ విడతలో పరిశీలించరు. అందుచేత నిజంగా ఎక్కువగా కోరుకొనే కోర్సును మొదట వ్రాయడమే సరియైన పద్ధతి. మొదట వ్రాసిన కోర్సు రాకపోయినందువలన రెండవదానిలో అవకాశం తగ్గదు. వచ్చిన ర్యాంకుకు "సరిపోయే" కోర్సును పైన పెట్టి, ఇష్టమైనదానిని క్రింద పెట్టినవారికి ఇష్టమైన కోర్సు చేతికందే దూరంలో ఉండి కూడా దక్కకపోవచ్చు.

ర్యాంకు మాత్రమే సరిపోని కోర్సులు

కొన్ని కోర్సులలో ఏటార్ ఒక భాగం మాత్రమే. పాఠశాల విద్య ముగిసిన వెంటనే వైద్యవిద్యలో ప్రవేశమిచ్చే మోనాష్, న్యూ సౌత్ వేల్స్ వంటి విశ్వవిద్యాలయాలు ఏటార్‌తో పాటు యుక్యాట్ అనే పరీక్షను, ముఖాముఖిని కూడా లెక్కలోకి తీసుకొంటాయి. యుక్యాట్ 2019లో యుమ్యాట్ అనే పాత పరీక్ష స్థానంలో వచ్చింది. మెల్బోర్న్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల వైద్యవిద్య మరొక పట్టా పూర్తిచేసిన తరువాత చదివే కోర్సు. సంగీతం, నటన, చిత్రకళ కోర్సులకు ప్రదర్శన గాని, చేసిన పనుల సంపుటి గాని అవసరం.

కొన్ని కోర్సులకు ముందస్తు సబ్జెక్టు నిబంధన ఉంటుంది. సిడ్నీ విశ్వవిద్యాలయం 2019లో విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగు, వాణిజ్యం వంటి పలు కోర్సులకు నిర్ణీత స్థాయి గణితం తప్పనిసరి చేసింది. అటువంటి కోర్సుకు ర్యాంకు ఎంత ఎక్కువైనా ఆ సబ్జెక్టు లేకపోతే నేరుగా ప్రవేశం లభించదు. మరికొన్నిటికి కనిష్ఠ ర్యాంకును ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. విక్టోరియాలో ఉపాధ్యాయ శిక్షణ పట్టభద్ర కోర్సులకు 2018లో 65, 2019లో 70 కనిష్ఠ ఏటార్‌గా నిర్ణయించారు.

ఇతర మార్గాలు

ఆశించిన ఏటార్ రానివారికి విశ్వవిద్యాలయం ద్వారం మూసుకుపోదు. ప్రధానమైన మార్గాలు ఇవి:

- దగ్గరి సంబంధం గల, కటాఫ్ తక్కువగా ఉన్న కోర్సులో చేరి, మొదటి సంవత్సరం ఫలితాలతో కోరిన కోర్సుకు మారడం. ఇక్కడ విశ్వవిద్యాలయంలో వచ్చిన మార్కులకు ప్రాముఖ్యం పెరిగి, ఏటార్ ప్రాముఖ్యం తగ్గుతుంది.
- డిప్లొమా చదివి, దానిని బట్టి పట్టభద్ర కోర్సులో ప్రవేశించడం. కొన్ని డిప్లొమాలతో నేరుగా రెండవ సంవత్సరంలో చేరవచ్చు.
- టేఫ్ అని పిలిచే ప్రభుత్వ వృత్తివిద్యా సంస్థలలో అర్హత సంపాదించి రావడం.
- విశ్వవిద్యాలయాలు నడిపే సన్నాహక కోర్సులు పూర్తిచేయడం.
- కొన్ని సంవత్సరాలు ఉద్యోగం చేసిన తరువాత పెద్ద వయసు అభ్యర్థులకు ఉద్దేశించిన పద్ధతిలో దరఖాస్తు చేయడం.

ఫలితాలకు ముందే పాఠశాల సిఫారసును, పదకొండవ తరగతి మార్కులను బట్టి సీటు ఖాయం చేసే పద్ధతి కూడా ఉన్నది. కోవిడ్ కారణంగా 2020లో పాఠశాలలు మూతపడినప్పుడు ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పదకొండవ తరగతి ఫలితాల ఆధారంగా 2021 ప్రవేశాలకు సీట్లు ఇచ్చింది.

ఫీజులు, విదేశీ విద్యార్థులు

ఆస్ట్రేలియా పౌరులకు, శాశ్వత నివాసులకు ప్రభుత్వ సహాయం గల సీట్లలో చెల్లించవలసిన ఫీజు చదివే సబ్జెక్టును బట్టి మారుతుంది తప్ప ర్యాంకును బట్టి మారదు. 99 ర్యాంకు వారికి, 70 ర్యాంకు వారికి ఒకే కోర్సులో ఒకే ఫీజు. పౌరులు 1989లో ప్రవేశపెట్టిన హెక్స్ పద్ధతిలో ఈ ఫీజును అప్పుగా ఉంచుకొని, ఉద్యోగంలో ఆదాయం నిర్ణీత స్థాయి దాటిన తరువాత పన్నుతో పాటు తీర్చవచ్చు. శాశ్వత నివాసులకు సామాన్యంగా ఈ అప్పు సౌకర్యం లేదు. వారు ఫీజును ముందుగా చెల్లించాలి. సిడ్నీ, మెల్బోర్న్ నగరాలలో స్థిరపడి ఇంకా పౌరసత్వం తీసుకోని తెలుగు కుటుంబాలు గమనించవలసిన తేడా ఇది.

విదేశీ విద్యార్థులు పూర్తి ఫీజు చెల్లించే సీట్లలో చేరతారు. వారు ప్రభుత్వ సహాయం గల సీట్లకు పోటీపడరు. ఆస్ట్రేలియాలోనే పన్నెండవ తరగతి చదివిన విదేశీ విద్యార్థికి కూడా ఏటార్ లభిస్తుంది. భారతదేశంలో ఇంటర్మీడియెట్ లేదా సి.బి.ఎస్.ఇ. పన్నెండవ తరగతి చదివి దరఖాస్తు చేసేవారికి ఏటార్ అవసరం లేదు. వారి మార్కులనే విశ్వవిద్యాలయాలు తమ నిబంధనల ప్రకారం పరిశీలిస్తాయి.

ఎంసెట్ ర్యాంకుతో పోలిక

తెలుగు పాఠకులకు ర్యాంకు అనగానే గుర్తుకు వచ్చేది 1986లో మొదలైన ఎంసెట్. ఈ పరీక్షను ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి, తెలంగాణలో 2024 నుండి ఈఏపీసెట్ అంటున్నారు. రెండు పద్ధతులకు మధ్య ముఖ్యమైన భేదాలు ఉన్నాయి.

ఎంసెట్ ర్యాంకు ప్రధానంగా ఒక ప్రత్యేక ప్రవేశపరీక్ష నుండి వస్తుంది. ఏటార్‌కు ప్రత్యేక ప్రవేశపరీక్ష లేదు. పన్నెండవ తరగతి ఫలితాలే దానికి ఆధారం. ఎంసెట్‌లో 1 అన్నిటికంటె మేలు, సంఖ్య పెరిగేకొద్దీ స్థానం దిగుతుంది. ఏటార్‌లో సంఖ్య పెరిగేకొద్దీ స్థానం పెరుగుతుంది. ఎంసెట్ ర్యాంకు ఆ పరీక్ష వ్రాసినవారి మధ్య స్థానం. ఏటార్ ఆ ఈడు వారందరి మధ్య స్థానం. ఎంసెట్ ర్యాంకు కొన్ని వృత్తివిద్యా కోర్సులకే వర్తిస్తుంది. ఏటార్ చరిత్ర నుండి ఇంజనీరింగు వరకు అన్ని పట్టభద్ర కోర్సులకు వర్తిస్తుంది.

పాఠశాల చివరి మార్కులకు ప్రవేశాలలో ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న తెలుగు రాష్ట్రాలలోను ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో ఎంసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్మీడియెట్ మార్కులకు 25 శాతం వెయిటేజి ఇచ్చేవారు. కోవిడ్ సంవత్సరాలలో ఈ వెయిటేజిని పక్కన పెట్టారు. 2023లో తెలంగాణ దానిని పూర్తిగా తొలగించగా, అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ దానిని పునరుద్ధరించింది. ఒకే పద్ధతి నుండి వచ్చిన రెండు రాష్ట్రాలు ఈ విషయంలో చెరొక దారి పట్టాయి.

విమర్శలు

ఏటార్‌పై ప్రధానమైన విమర్శ, అది విద్యార్థి ప్రతిభతో పాటు కుటుంబ ఆర్థిక స్థితిని కూడా ప్రతిబింబిస్తుందన్నది. సంపన్న ప్రాంతాల విద్యార్థుల ఏటార్ సగటున ఎక్కువగా, పేద, మారుమూల ప్రాంతాల విద్యార్థుల ఏటార్ సగటున తక్కువగా ఉంటున్నది. సర్దుబాటు పాయింట్లు ఈ తేడాను కొంత తగ్గిస్తాయి గాని తొలగించలేవు.

రెండవ విమర్శ, పదమూడేళ్ళ చదువును ఒక్క సంఖ్యకు కుదించడం. సృజన, పట్టుదల, కలిసి పనిచేసే నేర్పు వంటివి ఇందులో కనిపించవు. పీటర్ షెర్గోల్డ్ అధ్యక్షతన ఉన్నత మాధ్యమిక విద్యపై జరిగిన సమీక్ష 2020లో, ఏటార్‌కే అమిత ప్రాధాన్యం ఇవ్వడాన్ని విమర్శించి, విద్యార్థి నైపుణ్యాలను విపులంగా చూపే అభ్యాస వివరపత్రం ఉండాలని సూచించింది.

ఏటార్‌ను సమర్థించేవారు దాని పారదర్శకతను ముఖ్యంగా పేర్కొంటారు. ముఖాముఖిలు, సిఫారసు లేఖలు, వ్యక్తిగత వ్యాసాల ద్వారా ఎంపిక జరిగితే పలుకుబడి, ఖరీదైన శిక్షణ గలవారికే మేలు కలుగుతుందని, అందరికీ ఒకే నియమంతో వచ్చే సంఖ్య అంతకంటె న్యాయమైనదని వారి వాదన. సీట్లు పరిమితంగా, కోరేవారు ఎక్కువగా ఉన్నంతకాలం ఏదో ఒక వరుస తప్పదు. కాని ఆ వరుస విశ్వవిద్యాలయపు గుమ్మం వరకే. ప్రవేశం లభించిన తరువాత సబ్జెక్టులలో ఉత్తీర్ణతను, పట్టాను నిర్ణయించేవి అక్కడి మార్కులే.